మనుగడలో లేని నంబరు

వచ్చే నెల కొడుకు దగ్గరకు మెల్‌బోర్న్ వెళ్ళబోతున్న మిత్రుడొకరు మొన్న ఉదయం పద్మారావునగరు పార్కులో నన్ను ఆపి, విదేశంలో సెల్‌ఫోను ఖర్చు తగ్గించుకునే ఉపాయాలు చెప్పమన్నారు. రైల్వేలో ముప్పైయేళ్ళకు పైగా టెలిఫోను తీగలతో కాపురం చేసినవాణ్ణి కనుక ఇటువంటి ప్రశ్నలు నా దగ్గరకు రావడం సహజం. అడిగిందే తడవుగా చెప్పడం మొదలుపెట్టాను. పార్కు చుట్టూ రెండు ప్రదక్షిణలు పూర్తయ్యేసరికి ఆయనకు కావలసినవన్నీ చెప్పేశాను. ఒక్కటి మాత్రం చెప్పలేదు. అది నడుస్తూ చెప్పే సంగతి కాదు. అందుకే ఇంటికి వచ్చి ఇలా రాయడానికి కూర్చున్నాను.

(సెల్‌ఫోనును చరవాణి అనాలని పట్టుబట్టే భాషాభిమానులలో నేనూ ఒకణ్ణి. కొంతకాలం ఇంట్లో ఆ మాటనే వాడి చూశాను. "నా చరవాణి ఎక్కడ పెట్టావు?" అని అడిగితే మా ఆవిడ, గుడిలో తప్పిపోయిన పూజారిని చూసినట్టు నావైపు చూసింది. కాబట్టి ఇక్కడ ఫోను ఫోనే.)

ఫోను దగ్గర పొదుపు మా తరానికి ఒకరు నేర్పవలసిన విద్య కాదు. అందులోనూ సికింద్రాబాదు రైల్వేవాళ్ళకు అదొక వింత రూపంలో వంటబట్టింది. నేను తార్నాకలోని ఇరిసెట్‌లో శిక్షణ పొందినవాణ్ణి. 1957లో ఏర్పడిన ఆ సంస్థ దేశంలోని రైల్వే సిగ్నలు, టెలికాం సిబ్బందికంతటికీ గురుకులం వంటిది. ఉద్యోగంలో చేరాక క్వార్టర్సులో ఒక రైల్వే ఫోను ఇచ్చారు. రైల్వేలకు సొంత తీగలు, సొంత ఎక్స్ఛేంజీలు ఉండేవి. ఆ ఫోనులో బెజవాడ పలికేది, గుంతకల్లు పలికేది. పక్కవీధిలోని డాక్టరుగారి ఇల్లు మాత్రం పలికేది కాదు. బయటివారు విజయవాడకు ట్రంకు కాలు బుక్ చేసి గంటల తరబడి కూర్చునే రోజుల్లో, మేము అక్కడి సహోద్యోగిని పిలిచి మామిడికాయల ధర కనుక్కునేవాళ్ళం. అది తప్పే. కానీ ఆ తప్పు చేయని రైల్వే ఉద్యోగిని నేను చూడలేదు.

రైల్వే తీగ చేరని ఊళ్ళకు ఎస్టీడీ బూత్ దిక్కు. రాత్రి పదకొండు దాటితే పావు ధర గనుక స్టేషను ఎదుట బూత్‌ల దగ్గర ఆ వేళకు తిరునాళ్ళలా ఉండేది. అద్దాల గదిలో ఎర్ర అంకెలు పరుగెత్తుతుంటే, లోపలి మనిషి ముఖం తీగకు అవతల ఉన్నవారివైపు కాక ఆ అంకెలవైపే ఉండేది. తొంభైల చివర అమెరికాకు నిమిషానికి అరవై రూపాయల పైమాటే. "బాగున్నారా, బాగున్నాం, డబ్బు అందిందా, అందింది" అన్న నాలుగు ముక్కలకు ఒకరోజు జీతం కరిగేది. 1995 జూలై 31న కలకత్తా నుంచి జ్యోతిబసు ఢిల్లీలోని సుఖ్‌రామ్‌తో మాట్లాడి దేశంలో సెల్‌ఫోనుకు శ్రీకారం చుట్టారు గానీ, చాలా ఏళ్ళు అది మన జేబుకు సంబంధించిన వస్తువు కాదు. వచ్చిన కాలుకు కూడా మనమే డబ్బు కట్టాలి. 2003లో ఆ పద్ధతి పోయి, పిలిచినవారే చెల్లించే ఏర్పాటు వచ్చాకనే మావంటివాళ్ళు సెల్లు కొన్నారు.

ఆ ఏర్పాటుతోనే ఇంకొకటి కూడా ఇంటింటా స్థిరపడింది. అదే మిస్‌డ్ కాల్. దీన్ని కనిపెట్టింది ఫలానా వారని ఎవరూ చెప్పలేరు. కానీ మా ఇంట్లో దానికొక వ్యాకరణం ఏర్పరచింది మాత్రం నేనే.

రైలు ప్రయాణికులకు తెలియని ఒక సంభాషణ స్టేషన్ల మధ్య ఎప్పుడూ జరుగుతూ ఉంటుంది. ఈ స్టేషను మాస్టరు ఒక బండిని అవతలి స్టేషనుకు పంపాలంటే బ్లాకు పరికరం మీద గంట కొట్టి అడగాలి. ఒక దెబ్బ కొడితే "ఇటు వినండి" అని. రెండు కొడితే "దారి ఖాళీగా ఉన్నదా?" అని. మూడు, "బండి బయలుదేరింది". నాలుగు, "బండి క్షేమంగా చేరింది". ఆరు దెబ్బలంటే ప్రమాదం. అవతలివారు అదే గంటను తిరిగి కొట్టి అందినట్టు తెలపాలి. తిరుగు గంట రాకపోతే దారి ఖాళీగా ఉందని ఊహించుకునే అధికారం ఎవరికీ లేదు. మౌనాన్ని ప్రమాదంగానే లెక్కించాలన్నది మా శాఖలో మొదటి పాఠం.

2004లో మా అమ్మాయి ఎమ్మెస్ చదువుకు టెక్సస్ వెళ్ళింది. అప్పటికి విమానాశ్రయం బేగంపేటలోనే ఉండేది. శంషాబాదుకు మారింది 2008లో. బయలుదేరే ముందు రోజు నేను ఆ పిల్లకు ఈ గంటల పాఠం చెప్పాను. మూడు మోతలు మోగించి పెట్టేస్తే కళాశాలకు బయలుదేరినట్టు, నాలుగు మోగితే గదికి చేరినట్టు. రెండు మోగితే మాట్లాడడానికి తీరిక ఉన్నదా అని. మేము తిరిగి రెండు మోగిస్తే తను కార్డు తీసి పిలిచేది. ఆ కార్డుల మోసం వేరే కథ. అయిదు డాలర్ల కార్డు మీద ఇన్ని వందల నిమిషాలని అచ్చువేసి ఉండేది. కలిపినందుకు కొంత, వారానికొకసారి నిర్వహణ పేర కొంత, అర నిమిషం మాట్లాడినా మూడు నిమిషాలుగా లెక్కించి కొంత కోసుకునేవారు. 2008 నాటికి అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఇటువంటి కొన్ని కార్డు సంస్థల మీద న్యాయస్థానానికి వెళ్ళవలసి వచ్చింది. మా గంటలకు మాత్రం ఏ కమిషనూ అవసరం లేకపోయింది. ఎత్తని ఫోనుకు బిల్లు లేదు కదా.

మా ఆవిడకు ఫోను కొన్నది 2006 జనవరిలో. అంతకు నెల ముందే కంపెనీలు 999 రూపాయలకు "జీవితకాలం" చెల్లే పథకాలు తెచ్చాయి. ఒకసారి కడితే చాలు, ఇక జన్మంతా కాల్స్ వస్తూనే ఉంటాయన్నారు. ఎవరి జీవితకాలం అని అప్పుడు అడగడం తోచలేదు. ఆ నంబరు అందరికంటె ముందు అందింది ఆవిడ అక్కగారికి. మా వదినగారిది మధిర దగ్గర ఒక పల్లె. చదువు రెండవ తరగతి వరకు. ఫోనులో అంకెలు గుర్తుపడతారు గానీ నొక్కడం కష్టం. అందుకని రెండవ అంకె మీట గట్టిగా నొక్కిపట్టుకుంటే చెల్లెలికి మోగేటట్టు నేనే అమర్చి పెట్టాను. 2011లో ఆవిడ భర్త పోయారు. ఉన్న ఒక్క కొడుకు బెంగుళూరులో ఉద్యోగం. ఆ ఏటినుంచి సాయంత్రం దీపం పెట్టగానే వదినగారు ఒక్క మోత మోగించి పెట్టేసేవారు. ఇక్కడ మా ఆవిడ తిరిగి ఒక్క మోత. ఆవిడ బాగున్నారు, మేమూ బాగున్నాము. మాటలు కావలసివస్తే వేరే వేళ మాట్లాడుకునేవారు. 2016 సెప్టెంబరులో జియో వచ్చి, ఆ తర్వాత దేశంలో మాటకు విలువ లేకుండా పోయాక కూడా వాళ్ళిద్దరూ ఈ ఒక్క మోతను మానలేదు. ఇంట్లో ఏడు గంటలకు ఆ మోత వినిపించకపోతే నేను గడియారం ఆగిందేమో అని చూసుకునేవాణ్ణి.

2018 చివరలో కంపెనీలు జీవితకాలపు మాటను సద్దుమణిగించి, నెలనెలా కనీసపు రీచార్జి లేకపోతే వచ్చే కాల్స్ కూడా ఆపివేస్తామన్నాయి. సరే, కడుతూ వచ్చాము.

2023 మే నెలాఖరున మేమిద్దరం అమ్మాయి దగ్గరకు, డల్లాస్ పక్కనున్న ఫ్రిస్కోకు బయలుదేరాము. నవంబరు మధ్యలో తిరిగి రావాలి. పింఛనుదారులు బతికే ఉన్నామని ధ్రువపత్రం ఇవ్వవలసిన నెల అది. ప్రయాణానికి నెలరోజుల ముందునుంచి నేను ఫోన్ల విషయంలో కాగితం కలం పట్టుకుని లెక్కలు వేశాను. పార్కు మిత్రుడికి చెప్పిన ఉపాయాలన్నీ ఆ కాగితం మీదివే. అవి తప్పు కాదు, ఇప్పటికీ పనికివస్తాయి. కనుక ఇక్కడా చెబుతాను.

రోమింగు ఎందుకు ఖరీదో ముందు తెలియాలి. మనం పరాయిదేశపు టవరును వాడుకుంటే, ఆ టవరువాళ్ళు మన కంపెనీకి టోకున బిల్లు వేస్తారు. మన కంపెనీ దానిమీద తన వాటా వేసుకుని మనకు చిల్లరగా అమ్ముతుంది. పైగా ఫ్రిస్కోలో కూర్చుని నేను భారతీయ సిమ్ము మీద ఒక వార్తాపత్రిక తెరిస్తే, ఆ కోరిక సాధారణంగా అక్కడినుంచి సముద్రగర్భపు తీగల మీదుగా మన దేశంలోని మా కంపెనీ యంత్రానికి వచ్చి, ఇక్కడ అంతర్జాలంలోకి దిగి, పత్రికను తీసుకుని మళ్ళీ అదే దారిన సముద్రాలు దాటాలి. పక్కింటికి వెళ్ళడానికి కాజీపేట వెళ్ళి రైలు మారినట్టన్నమాట. ఐరోపా సమాఖ్య దేశాలు 2017 జూన్ 15 నుంచి తమలో తాము ఈ అదనపు రుసుమును తీసివేశాయి. పారిస్ సిమ్ముతో బెర్లిన్‌లో మాట్లాడినా సొంతూళ్ళో మాట్లాడినట్టే. మన సిమ్ముకు ఆ భాగ్యం లేదు. (రాష్ట్రం 2014లో విడిపోయినా టెలికాం లైసెన్సుల పటంలో రెండు రాష్ట్రాలూ కలిసి ఇంకా ఆంధ్రప్రదేశ్ సర్కిలే. ఉమ్మడిగా మిగిలిన వాటిలో అదొకటి.)

కనుక మాటలకు, అంతర్జాలానికి వెళ్ళిన దేశపు నంబరే తీసుకోవాలి. ఇప్పుడు ప్లాస్టిక్ ముక్క కూడా అక్కరలేదు. ఈసిమ్ అయితే ఇంట్లోనే ఎక్కించుకుని, విమానం దిగగానే వాడుకోవచ్చు. భారతీయ సిమ్మును తీసి పారేయకుండా రెండవ గదిలో ఉంచి, దాని డేటా రోమింగు మీటను మాత్రం ఆపివేయాలి. సందేశాలు రావడానికి డేటా అవసరం లేదు, వాటి దారి వేరు. బయలుదేరకముందే విదేశీ రోమింగు అనుమతి తీసుకుని ఉంటే, బ్యాంకు పంపే ఓటీపీ ఎక్కడున్నా వచ్చి చేరుతుంది. సాధారణంగా వచ్చే సందేశానికి రుసుము ఉండదు. వచ్చే కాలును ఎత్తితే మాత్రం ఉంటుంది. ఎత్తకుండా చూసుకుని, అక్కడి నంబరు నుంచి తిరిగి పిలవాలి. వాట్సాప్ "నంబరు మార్చుకుంటారా?" అని అడిగితే వద్దనాలి, పాత నంబరుతోనే అది నడుస్తుంది. వెళ్ళే ఊరి పటాన్ని ముందే ఫోనులోకి దింపుకోవాలి. గల్ఫ్‌కు వెళ్ళేవారు ఒకటి గుర్తుంచుకోవాలి: యుఏఈలో చాలాకాలంగా వాట్సాప్ కాల్స్‌పై ఆంక్షలున్నాయి, సందేశాలు వెళ్ళినా మాట వెళ్ళదు. ఓడలోనూ విమానంలోనూ ఫోను ఉపగ్రహపు వలకు అంటుకుంటే ఆ బిల్లు వేరు, మనం కొన్న ప్యాకులో అది చేరదేమో చూసుకోవాలి.

ఇవేమీ తెలియక మా పార్కులోనే ఒకాయన సింగపూరులో హోటలు గదిలో నిద్రపోతుండగా ఆయన ఫోను తనంతట తాను యాప్‌లను కొత్తగా దింపుకుని అయిదంకెల బిల్లు తెచ్చింది. ఆయన ఆ బిల్లును లామినేషన్ చేయించి పెట్టుకున్నారు. నేను అటువంటి ప్రమాదమేదీ లేకుండా ఆరు నెలలు గడిపి వచ్చాను. నా నంబరుకు ఏడాది చెల్లే రీచార్జి చేయించాను, రోమింగు అనుమతి తీసుకున్నాను. ఆగస్టులో ఫిక్స్‌డ్ డిపాజిటు పునరుద్ధరించవలసి వస్తే ఫ్రిస్కోలో వంటింటి బల్ల దగ్గర కూర్చుని ఓటీపీ కొట్టాను. అల్లుడు మెచ్చుకున్నాడు. నేనూ మెచ్చుకున్నాను.

ఇక మా ఆవిడ ఫోను. అది మీటల ఫోను. 2జీ మీద పనిచేసేది. అమెరికాలో పెద్ద సంస్థలన్నీ 2022లో ఒకదాని వెంట ఒకటి 3జీనే మూసివేశాయి, 2జీ కూడా చాలావరకు పోయింది. అక్కడ అది బొమ్మతో సమానం. అమ్మాయి తన పాత ఐఫోను అమ్మకిస్తానన్నది. అందులో అమెరికా నంబరు ఈసిమ్‌గా ఉంటుంది. మరి సికింద్రాబాదు సిమ్ము? నెలకు 150 రూపాయల పైచిలుకు చొప్పున ఆరు నెలలకు దాదాపు వెయ్యి రూపాయలు. ఆ నంబరుకు బ్యాంకు లేదు, ఆధారు లేదు, ఓటీపీ లేదు. అన్నీ నా నంబరు మీదనే ఉన్నాయి. నా కాగితం మీద ఆ వరుసకు ఎదురుగా "అనవసరం" అని రాశాను. ఆ రాత చూసి మా ఆవిడ, "అక్క సంగతో?" అన్నది. "అక్కడినుంచి అమ్మాయి ఫోనులో నేరుగా మాట్లాడుదువుగాని, మోతలెందుకు?" అన్నాను. ఫోనును బీరువాలో పట్టుచీరల కింద పెట్టి తాళం వేసుకున్నాము.

వెళ్ళిన మర్నాడే మా ఆవిడ అమ్మాయి ఫోనునుంచి అక్కను పిలిచింది. ఎత్తలేదు. మరునాడూ ఎత్తలేదు. వారం రోజులు ఇదే. చివరకు బెంగుళూరులో ఉన్న అబ్బాయికి వాట్సాప్‌లో ఫోను చేస్తే, "కొత్త నంబర్లు, విదేశం నంబర్లు ఎత్తొద్దని నేనే అమ్మకు చెప్పాను పిన్నీ. మా పక్కూళ్ళో ఒకాయన ఖాతా ఖాళీ అయింది. నేను చెబుతాలే" అన్నాడు. చెప్పాడు కూడా. మళ్ళీ పిలిచినా ఆవిడ ఎత్తలేదు. ఎన్నో అంకెలతో తెరమీద మోగే ఆ నంబరును చూసి, కొడుకు చెప్పినదానిలో ఏది పాటించాలో ఆవిడకు తేలలేదు కాబోలు. "అమ్మ బాగానే ఉంది పిన్నీ, మీరు బాగున్నారని చెప్పాను" అని వారానికొకసారి అబ్బాయి చెబుతూ వచ్చాడు. మేమూ సరేననుకున్నాము. మనవడి చదువు, వారాంతపు గుళ్ళు, తెలుగువాళ్ళ విందులు. రోజులు గడిచిపోయాయి. మా ఆవిడ మాత్రం మన సాయంత్రపు ఏడు గంటలకు, అంటే అక్కడ ఉదయం ఎనిమిదిన్నరకు, ఏ పనిలో ఉన్నా ఒకసారి చేయి తుడుచుకునేది. నేను గమనించాను గానీ అడగలేదు.

దసరాకు, అంటే అక్టోబరు చివరలో, అబ్బాయి ఊరికి వెళ్ళి తన ఫోనులో వీడియో కలిపాడు. అయిదు నెలల తర్వాత అక్కచెల్లెళ్ళు ఒకరినొకరు చూసుకున్నారు. వదినగారు చాలాసేపు మాట్లాడలేదు. ముఖాన్ని తెరకు బాగా దగ్గరగా తెచ్చి, "నువ్వేనటే?" అన్నారు. మా ఆవిడ నవ్వి, "నేను కాక ఇంకెవరే?" అన్నది. "ఏదీ, చెయ్యి చూపించు." చిన్నప్పుడు కొడవలి తెగి మా ఆవిడ ఎడమచేతి బొటనవేలి మీద మచ్చ ఒకటి ఉన్నది. అది చూశాక గాని ఆవిడ ముఖం తేలిక పడలేదు.

ఎందుకు చెయ్యి చూపించమన్నారో మాకు నవంబరులో గాని తెలియలేదు.

తిరిగి వచ్చిన మూడవ రోజున బీరువా తెరిచి ఫోనుకు చార్జింగు పెట్టాము. రీచార్జి చేయబోతే నంబరు చెల్లదని వచ్చింది. ప్యారడైజు దగ్గర దుకాణానికి వెళ్ళాను. కౌంటరులో ఉన్న అమ్మాయి కంప్యూటరు చూసి, ఆ నంబరు ఎప్పుడో తీసేశారండీ అన్నది. ట్రాయ్ 2013లో చేసిన నియమాలు ఉన్నాయి. తొంభై రోజులపాటు ఒక సిమ్ముపై మాట గానీ సందేశం గానీ డేటా గానీ ఏదీ నడవకపోతే దానిని తొలగించవచ్చు. ప్రీపెయిడ్ ఖాతాలో 20 రూపాయలు మిగిలి ఉంటే అవి మినహాయించుకుని గడువు పొడిగించాలి. తొలగించినా పదిహేను రోజుల్లోపల అడిగితే అదే నంబరు తిరిగి ఇవ్వాలి. పోస్టుపెయిడ్ వారైతే సేఫ్ కస్టడీ కింద పెట్టుకోవచ్చు. ఇవన్నీ నేను తర్వాత చదివి తెలుసుకున్నవి. వృత్తిరీత్యా ముందే తెలిసి ఉండవలసినవాణ్ణి. మా ఆవిడ ఖాతాలో మిగిలినది నాలుగు రూపాయల చిల్లర. ఆ ఐఫోనులో సిమ్ము పెట్టుకునే చిన్న గది ఆరు నెలలూ ఖాళీగానే ఉన్నది. మీటల ఫోను పనిచేయదు గానీ దానిలోని సిమ్ము పనిచేసేదే. ఈ సంగతి నాకు తెలుసు. అప్పుడు కూడా తెలుసు.

కొత్త నంబరు తీసుకుని, ఆ ఆదివారం మధ్యాహ్నం గోల్కొండ ఎక్స్‌ప్రెస్సులో మధిరకు వెళ్ళాము. వదినగారు పొయ్యిమీద పాలు పెట్టి వచ్చి మా ఎదురుగా నేలమీద కూర్చున్నారు. ఆవిడకు నా ఎదుట ఎక్కువ మాట్లాడే అలవాటు లేదు. ఆరోజు మాట్లాడారు.

"రెండు నెల్లు ఇన్‌కమింగ్ లేదనో ఏదో చెప్పింది మరిదిగారూ. పోన్లే, దూరం వెళ్ళారు కదా అనుకున్నా. వినాయకచవితి ముందునుంచి ఆ పిల్ల మాట మార్చింది. మీరు డయల్ చేసిన నంబరు మనుగడలో లేదు అంటది. రోజూ అదే. మనుగడలో లేదు, మనుగడలో లేదు అంటంటే నేనేమనుకోవాల?"

"అబ్బాయి చెప్పాడు కదా, మేము బాగున్నామని," అన్నాను.

"చెప్పాడు. మా అత్త పోయినప్పుడు కూడా బాగానే ఉందన్నారు. మా ఆయనప్పుడూ, ఆస్పత్రిలో ఉన్నాడు, బాగానే ఉన్నాడన్నారు. దూరాన ఉన్నోళ్ళ సంగతి ఆడోళ్ళకు ఎవరు నిజం చెబుతారు?"

మౌనాన్ని ప్రమాదంగా లెక్కించాలని ఇరిసెట్‌లో నాకు చెప్పిన పాఠం ఆవిడకు ఎవరూ చెప్పలేదు. నేను జవాబు వెతుక్కుంటూ ఉండగా మా ఆవిడ అక్క ఫోను చేతిలోకి తీసుకుని చూస్తున్నది. తర్వాత నాకు అందించింది. చేసిన కాల్స్ జాబితా. పైనుంచి కిందివరకు ఒకటే పేరు, అన్నీ సాయంత్రం ఏడు ప్రాంతాలవే. దసరా తర్వాత, చెల్లెలిని కళ్ళారా చూశాక కూడా, ఒక్కరోజు తప్పలేదు. నిన్నటిది కూడా ఉన్నది.

"లేదని తెలిశాక కూడా ఎందుకే?" అని అడిగింది మా ఆవిడ.

"దీపం పెట్టినాక చెయ్యి దానంతటది పోతది," అన్నారు వదినగారు. పాలు పొంగుతున్న వాసన వస్తే లేచి లోపలికి వెళ్ళారు.

గోడమీద కాలెండరు పక్కన బొగ్గుతో రాసిన పాత నంబరు ఉన్నది. కరెంటు పోయి ఫోను పాడైతే ఎవరిచేతనైనా చేయించుకోవచ్చని నేనే ఎప్పుడో రాసింది. దాని కింద కొత్తది రాశాను. పాతదాన్ని కొట్టివేయబోతే వదినగారు వద్దన్నారు. ఫోనులో రెండవ మీటకు కొత్త నంబరు అమర్చి, ఒకసారి నొక్కించి చూశాను. మా ఆవిడ చేతిసంచిలో మోగింది. తొలగించిన నంబరును తొంభై రోజుల తర్వాత మరొకరికి ఇచ్చుకోవచ్చట. పాతది ఈపాటికి ఎవరిదో అయి ఉంటుంది. దానికి చేసి చూడాలని నాకు రెండు మూడుసార్లు అనిపించింది గానీ చేయలేదు.

ఇప్పుడు మా ఆవిడ నంబరుకు రీచార్జి ఏడాదికొకసారి చేయిస్తాను. మళ్ళీ ఎక్కడికి వెళ్ళినా ఆ సిమ్ము ఆవిడ ఫోనులోనే ఉంటుంది, రోమింగు అనుమతితో సహా. దాని ఖర్చు నా కాగితంలో మొదటి వరుస. మెల్‌బోర్న్ వెళ్ళే మిత్రుడిని రేపు పార్కులో పట్టుకోవాలి. ఆయన ఇంటావిడ నంబరుకు ఎవరెవరు ఫోను చేస్తారో ఆయనకు తెలుసో లేదో అడగాలి.

మధిర నుంచి తిరిగి వచ్చిన రోజు సాయంత్రం మా ఆవిడ కొత్త ఫోనును వంటింటి గట్టుమీద పెట్టుకుని కూరగాయలు తరుగుతున్నది. నేను వార్తలు పెట్టుకుని, శబ్దం తగ్గించి కూర్చున్నాను. ఏడు దాటి నాలుగు నిమిషాలైంది. ఒక్క మోత మోగి ఆగింది. మా ఆవిడ కత్తిపీట పక్కకు పెట్టి, చేయి తుడుచుకుని, మీట నొక్కింది. అవతల ఒక్క మోత మోగేదాకా ఉండి, ఫోను పెట్టేసి, మళ్ళీ వంకాయ అందుకున్నది.